సాధనలో అరికాలి వంపు నొప్పి: ఏం చేయాలి

దసరాకు అమలాపురం వీధుల్లో జరిగే చెడీ తాలింఖానా అనే సంప్రదాయ యుద్ధవిద్యల ప్రదర్శన కోసం కర్రసాము నేర్చేవారికైనా, భీమవరం, కాకినాడల్లో కరాటే అభ్యసించేవారికైనా అరికాలి వంపులో నొప్పి రావడం అరుదు కాదు. మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల వరకు సాగే దళసరి కణజాలపు పట్టీ, వట్టికాళ్లతో సిమెంటు నేలపై పదేపదే గెంతడం వల్ల, ముఖ్యంగా పిక్కలు బిగుసుకుని ఉన్నప్పుడు, తట్టుకోగలిగినదానికి మించి సాగి నొప్పి పెడుతుంది. ఉదయం మంచం దిగి వేసే తొలి అడుగుల్లోనే బాధ ఎక్కువగా ఉంటే కారణం చాలావరకు ఇదే.

ముందుగా గెంతులు ఆపాలి. సాధన పూర్తిగా మానవలసిన అవసరం సాధారణంగా ఉండదు. నిలుచున్న చోటే కర్ర తిప్పడం, చేతి దెబ్బలు కొనసాగించవచ్చు. సాయంత్రం, నీళ్లు గడ్డకట్టించిన సీసాకు పలుచని గుడ్డ చుట్టి అరికాలి కింద ఐదు నుంచి పది నిమిషాలు దొర్లించాలి.

ఎంతో మేలు చేసేదీ, చాలామంది అశ్రద్ధ చేసేదీ పిక్కలను సాగదీయడమే. గోడకు చేతులు ఆనించి, నొప్పి ఉన్న కాలిని వెనక్కి పెట్టి, మడమ లేవకుండా, మోకాలు వంగకుండా 30 సెకన్లు నిలిచి, తర్వాత ఆ మోకాలిని కొద్దిగా వంచి అంతసేపే నిలవాలి. రోజుకు రెండు మూడు సార్లు ఇలా చేయాలి. మంచం దిగకముందే కాలివేళ్లను చేత్తో వెనక్కి లాగి పట్టుకోవడం తొలి అడుగుల బాధను తగ్గిస్తుంది.

గోదావరి ఇసుక మెత్తగా ఉంటుంది కదా అని నొప్పితోనే అక్కడ పరుగెత్తడం నాకు సమ్మతం కాదు. మడమ దిగబడిన కొద్దీ ఆ పట్టీ ఇంకా సాగుతుంది. దానికన్నా సాధనకు నేలపై పరిచే రబ్బరు పరుపు నయం.

వాపు, తిమ్మిరి ఉన్నా, కాలు మోపలేకపోయినా, కొన్ని వారాలకూ తగ్గకపోయినా ఎముకల వైద్యుణ్ణి సంప్రదించాలి.