క్లినిక్ డేటాబేస్‌కి వెబ్ యాప్ కలిపేటప్పుడు డ్రైవర్ దగ్గర చూసుకోవాల్సినవి

కర్నూలులో ఒక చిన్నపిల్లల క్లినిక్‌కి టీకా తేదీలు చూపించే వెబ్ యాప్ రాశాను. డేటా పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ఉంది, యాప్ నోడ్ జేఎస్ (జావాస్క్రిప్ట్)లో రాశాను, రెండింటి మధ్య డేటా అటూ ఇటూ చేర్చే లైబ్రరీ, అంటే డ్రైవర్, పేరు పీజీ. కనెక్షన్ ఒక్క పూటలో కుదిరింది. నాలుగో రోజు కౌంటర్‌లో కూర్చునే అక్క ఒక బిడ్డ టీకా కార్డు తెచ్చి స్క్రీన్ పక్కన పెట్టింది. "తమ్ముడూ, కార్డులో 14న పుట్టినట్టు ఉంది, నీ దాంట్లో 13 చూపిస్తాంది." చూస్తే అందరి పుట్టిన తేదీలూ ఒక రోజు వెనక్కి పోయాయి. 6, 10, 14 వారాల టీకాలన్నీ ఆ తేదీ నుంచే లెక్క.

తప్పు డేటాబేస్‌లో లేదు. అక్కడి కాలమ్ డేట్ రకం, అందులో గంటలూ నిమిషాలూ ఉండవు. డ్రైవర్ దాన్ని జావాస్క్రిప్ట్ డేట్‌గా మార్చి ఆ రోజు అర్ధరాత్రి 12 గంటలని పెట్టుకుంటుంది, తర్వాత జేసన్‌గా (బ్రౌజర్‌కి డేటా పంపే టెక్స్ట్ రూపం) పంపేటప్పుడు అది యూటీసీకి, అంటే ప్రపంచ ప్రామాణిక సమయానికి, మారుతుంది, మన టైమ్ యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందు కాబట్టి ముందు రోజు సాయంత్రం 6:30 అయిపోతుంది. క్లౌడ్‌లో సర్వర్ టైమ్ యూటీసీలోనే ఉండేది, అందుకే నా టెస్టుల్లో ఇది ఎక్కడా కనబడలేదు. క్లినిక్ కంప్యూటర్ మీద పెట్టాకే బయటపడింది. డేట్ రకానికి పోస్ట్‌గ్రెస్ ఇచ్చే నంబర్ 1082, డ్రైవర్‌లోని సెట్‌టైప్‌పార్సర్ అనే ఫంక్షన్‌కి ఆ నంబర్ ఇచ్చి "దీన్ని మార్చకుండా ఉన్నదున్నట్టు స్ట్రింగ్‌గా ఇవ్వు" అని ఒక్క లైన్ రాస్తే చాలు. యాప్ మొదలుపెట్టగానే ఈ పని చేసేయండి.

ఆభా నంబర్ (ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఖాతా నంబర్) 14 అంకెలది. దాన్ని టెక్స్ట్ కాలమ్‌లోనే పెట్టండి, ఫోన్ నంబర్ కూడా అంతే, వాటితో కూడికలు తీసివేతలు ఎవరూ చేయరు కదా. పోస్ట్‌గ్రెస్ బదులు మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ వాడేవాళ్లు టేబుల్‌కీ, కనెక్షన్‌కీ రెండింటికీ యూటీఎఫ్8ఎంబీ4 అనే అక్షరాల ఎన్‌కోడింగ్ పెట్టాలి, లేకపోతే తెలుగు పేర్ల బదులు ప్రశ్న గుర్తులు వచ్చే ప్రమాదం ఉంది.

ఇక యాప్‌కి ఇచ్చే లాగిన్ సంగతి. చాలామంది తొందరలో అన్ని హక్కులూ ఉండే పోస్ట్‌గ్రెస్ అనే సూపర్‌యూజర్ పాస్‌వర్డే కోడ్‌లో పెట్టేస్తారు, దయచేసి అలా చేయొద్దు. యాప్ కోసం కొత్త యూజర్‌ని తయారుచేయండి. ఓపీ నంబర్ (క్లినిక్ రోగికి ఇచ్చే నంబర్), పేరు, ఊరు, పుట్టిన తేదీ, టీకాలు మాత్రమే ఉండే ఒక వ్యూ (టేబుళ్లలోంచి ఎంచిన కాలమ్‌లే చూపించేది) రాసి, దాని మీద సెలెక్ట్ హక్కు, అంటే చదివే హక్కు, ఒక్కటే ఇవ్వండి, అసలు టేబుళ్ల మీద ఏ హక్కూ అక్కర్లేదు. ల్యాబ్ రిపోర్టులు ఆ వ్యూలోకి రాకూడదు. హెచ్‌ఐవీ ఫలితం గోప్యంగా ఉంచాలని 2017 చట్టమే చెబుతోంది, చట్టం లేకపోయినా ఆ కుటుంబం పరువు మన చేతుల్లో ఉన్నట్టే. పాస్‌వర్డ్ కోడ్ బయట ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఉండాలి, కోడ్ దాచే గిట్‌లోకి పోకూడదు. పోస్ట్‌గ్రెస్ వాడే 5432 పోర్టు ఇంటర్నెట్‌కి తెరవొద్దు. డేటాబేస్ వేరే చోట ఉంటే ఎస్‌ఎస్‌ఎల్ (దారిలో ఎవరూ చదవకుండా గుప్తంగా పంపే పద్ధతి) తప్పనిసరి, సర్టిఫికెట్ ఎర్రర్ వచ్చిందని చెకింగే ఆపేస్తే అవతల ఉన్నది నిజంగా మన సర్వరేనా అన్నది తేలదు. ఆ సర్టిఫికెట్ నిజమైనదని నిర్ధారించే సరైన సీఏ ఫైల్ ఇవ్వండి.

వెతకడం గురించి కూడా చెప్పాలి. మా దగ్గర మద్దిలేటి, సుంకన్న, ఈరన్న పేర్లు వీధికి ఇద్దరు ముగ్గురికి ఉంటాయి, కాబట్టి పేరుతో వెతికి మొదటి వరస తెచ్చి చూపిస్తే ఒకరి వివరాలు ఇంకొకరివి అవుతాయి. ఓపీ నంబర్‌తోనే తెరవాలి, పేరుతో వెతికితే ఊరు, పుట్టిన తేదీతో సహా అందరినీ వరసగా చూపించి ఎంచుకోనివ్వాలి. కౌంటర్‌లో టైప్ చేసింది క్వెరీలో (డేటాబేస్‌ని అడిగే వాక్యంలో) నేరుగా అతికించొద్దు, క్వెరీలో $1 అని రాసి విలువను విడిగా పంపండి.

పూల్ దగ్గర, అంటే ముందే తెరిచి పంచుకునే కనెక్షన్ల గుంపు దగ్గర, నేను దెబ్బ తిన్నాను. పీజీ పూల్‌లో మామూలుగా పది కనెక్షన్లే ఉంటాయి. ఎర్రర్ వచ్చిన దారిలో నేను రిలీజ్ (కనెక్షన్‌ని పూల్‌కి తిరిగి ఇచ్చే కమాండ్) రాయడం మరిచాను, ఒక్కో ఎర్రర్‌కి ఒక్కో కనెక్షన్ ఇరుక్కుపోయి, ఒక సోమవారం పొద్దున ఓపీ చీటీల లైను గేటు దాకా ఉన్నప్పుడు స్క్రీన్ ఆగిపోయింది. ఎర్రర్ మెసేజ్ కూడా రాలేదు, ఎందుకంటే కనెక్షన్ టైమవుట్ డిఫాల్ట్ సున్నా, అంటే ఎంతసేపైనా ఎదురుచూస్తూనే ఉంటుంది. ఎండకి పిల్లల్ని ఎత్తుకుని నిలబడిన తల్లులని చూస్తే చాలా బాధేసింది. రిలీజ్ ఎప్పుడూ ఫైనల్లీ బ్లాక్‌లో (ఎర్రర్ వచ్చినా రాకపోయినా నడిచే భాగంలో) రాయండి, కనెక్షన్ టైమవుట్ ఐదు సెకన్లు పెట్టండి, ఒక్కో క్వెరీకి గడువు పెట్టే స్టేట్‌మెంట్ టైమవుట్ కూడా పెట్టండి. ఒకే క్వెరీ అయితే పూల్ డాట్ క్వెరీ వాడితే రిలీజ్ గొడవే ఉండదు.

ఎవరు ఏ రికార్డు చూశారో రాసుకోవడం యాప్‌లోనే చేయాలి, ఎందుకంటే డేటా మారినప్పుడు తమంతట తామే నడిచే పోస్ట్‌గ్రెస్ ట్రిగ్గర్లు సెలెక్ట్‌కి పనిచేయవు. దానికి వేరే టేబుల్ పెట్టి, యాప్ యూజర్‌కి ఇన్‌సర్ట్ హక్కు, అంటే కొత్త వరస చేర్చే హక్కు, మాత్రం ఇవ్వండి, మార్చే హక్కూ చెరిపే హక్కూ వద్దు.

టెస్టింగ్‌కి అసలు రోగుల డేటా ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకోవద్దు. ఉత్తుత్తి పేర్లతో ఓ ఇరవై రికార్డులు చేసుకోండి, అందులో ఒకే పేరున్నవాళ్లు ముగ్గురు, తెలుగులో రాసిన పేరు ఒకటి, ఒకటో తేదీన పుట్టిన బిడ్డ ఒకరు ఉండాలి. అవి క్లినిక్ కంప్యూటర్ మీదే నడిపి, కౌంటర్ అక్కని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ కాగితంతో సరిచూడండి.