ఆయుధపూజకు ఫోన్ తుడిచే ముందు

తిరుపతిలో బస్టాండుకు కాస్త ఎడంగా ఒక సందులో మా సర్వీసింగ్ షాపు. ఏడాదంతా వచ్చేవి పగిలిన డిస్‌ప్లేలు, ఛార్జింగ్ ఎక్కని ఫోన్లు. దసరా వెళ్ళిన రెండు మూడు రోజులు మాత్రం వేరే రకం వస్తాయి. కింద పడలేదు, పగల్లేదు, వానలో తడవలేదు. స్క్రీన్ మీద మాత్రం ఒక మూల మబ్బు పట్టినట్టు మరక. ఏమైందని అడిగితే అందరిదీ ఒకటే మాట: "శుభ్రంగా తుడిచినానన్నా, అంతే."

మా వైపు ఆయుధపూజ అంటే లారీలు, ఆటోలు, లేతు మిషన్లు, కుట్టు మిషన్లు. ఇప్పుడు ల్యాప్‌టాప్, కార్డు గీకే మిషన్, డబ్బులు పడినాయని అరిచే స్పీకర్ డబ్బా, ఫోను కూడా పీట మీదికి చేరినాయి. తప్పేం లేదు, కూడు పెట్టేది అదే కదా. ముందు రోజు ఇల్లంతా కడిగే ఊపులో ఫోనుకు కూడా స్నానం చేయించేస్తారే, చిక్కు అక్కడ.

నా తప్పు ముందు చెప్పేస్తాను. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో మా అత్తగారి ఫోన్ నేనే తుడిచాను. అద్దాలు తుడిచే నీలం ద్రవాన్ని నేరుగా స్క్రీన్ మీద రెండుసార్లు స్ప్రే కొట్టాను. అది కిందికి జారి అంచు దగ్గర ఒక గీతలా నిలబడింది. చొక్కా అంచుతో తుడిచేసి ఇచ్చేశాను. తెల్లారి చూస్తే కింద బటన్ల పైన అరచేతిలో సగం అంత తెల్లటి మరక. "రిపేరు చేసేవాడివి నువ్వే కదా నాయనా" అని ఆమె ఒక్క మాట అన్నారు. కొత్త డిస్‌ప్లే నా డబ్బుతోనే వేశాను.

అంత కొంచెం ద్రవం లోపలికి ఎలా పోయిందనేది తెలిస్తే జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. స్క్రీనుకూ ఫ్రేముకూ మధ్య సన్నటి గమ్ పట్టీ ఉంటుంది. ఫోన్ పాతబడే కొద్దీ, వేడికి, ఒకసారి కింద పడితే, అది అక్కడక్కడా వదులుతుంది. మామూలు నీటి చుక్క సన్న సందు దగ్గర కాసేపు ఉబ్బి నిలుస్తుంది. సబ్బు, ఆల్కహాల్ కలిసిన ద్రవం అలా నిలవదు, పలచగా పరుచుకుని సందులోకి పాకిపోతుంది. ఎల్‌సీడీ స్క్రీన్ అయితే అద్దం వెనక వెలుతురును సమంగా పరిచే పలచటి షీట్లు తమలపాకుల కట్టలా ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ద్రవం వాటి మధ్యకు పోయి ఆరితే, తెల్ల పంచె మీద కాఫీ ఒలికి ఆరినట్టు అంచు గీతతో సహా మరక మిగులుతుంది. ఇంకో రకం స్క్రీన్ అమోలెడ్. అందులో ఆ షీట్లు ఉండవు గానీ కష్టం ఇంకా ఎక్కువ. వెలుతురు ఇచ్చే పదార్థానికే తేమ పడదు. అంచున చిన్న నల్లటి మచ్చగానో, ఊదా రంగు చారగానో మొదలై రోజురోజుకూ పెరుగుతుంది.

కాబట్టి మరక కనబడగానే దాని మీద ఇంకో ద్రవం వేయకండి. అది ఏ పొరలో ఉందో ముందు చూడండి. షాపుకు వచ్చే ఫోన్లలో చాలావాటికి అసలు మరక చిన్నదే. దాన్ని పోగొట్టాలని తర్వాత పూసిన నాలుగు రకాలతో పెద్దదవుతుంది.

మొదట టెంపర్ గ్లాస్ తీసి చూడండి. తుడిచిన నీళ్ళు దాని అంచు కింద చేరి తెల్లటి వలయంలా కనిపిస్తాయి. గ్లాస్ తీయగానే మరక కూడా దాంతోనే పోతే కొత్తది వేయించుకుని టీ తాగి ఇంటికి వెళ్ళొచ్చు. పోకపోతే స్క్రీన్ ఆఫ్ చేసి కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకోండి. ఆఫ్‌లో కనబడుతూ, ఆన్ చేస్తే కనబడకుండా పోతే అది పైపై మరక. ఆన్ చేస్తేనే, అందులోనూ తెల్లటి పేజీ మీదే కనిపిస్తూ, ఎంత తుడిచినా అంచు కదలకపోతే లోపలిది. కూలింగ్ గ్లాసులు పెట్టుకుని మాత్రం చూడకండి. ఒకాయన రేణిగుంట నుంచి బండి మీద వచ్చి, ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తున్నాయని ఫోన్ నా చేతిలో పెట్టాడు. "ఆ కళ్ళద్దాలు తీసి చూడన్నా" అన్నాను. పోలరైజ్డ్ అద్దాలతో చూస్తే కొన్ని స్క్రీన్లు అలాగే కనిపిస్తాయి.

పైపై మరకల్లోనూ రెండు రకాలు. ఒకటి ఆరిపోయిన ద్రవం తాలూకు పొర, ఇది తుడిస్తే పోతుంది. రెండోది పోదు. ఫోన్ అద్దం మీద వేలిముద్రల జిడ్డు అంటకుండా కంటికి కనిపించనంత పలచటి పూత ఉంటుంది. ఐఫోన్లలో ఇది 2009లో వచ్చిన 3జీఎస్‌తో మొదలైంది, ఇప్పుడు చాలా ఫోన్లకు ఉంటుంది. ఘాటైన ద్రవాలు వేసి గట్టిగా రుద్దితే అది అక్కడక్కడా లేచిపోతుంది. అప్పుడు కనిపించే మరక అంటుకున్నది కాదు, పోయినది. ఇది తెలుసుకోవడానికి స్క్రీన్ మధ్యలో, అంచులకు దూరంగా, ఒక్క చుక్క ఆర్‌ఓ నీళ్ళు వేసి ఫోన్‌ను కొద్దిగా వంచండి. పూత ఉన్నచోట చుక్క తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా జారుతుంది. పూత పోయినచోటికి రాగానే చదునుగా పరుచుకుని ఆగిపోతుంది. అలా ఆగితే ఇక తుడిచి లాభం లేదు. మళ్ళీ పూసుకునే ద్రవాలు ఆన్‌లైన్లో దొరుకుతాయి గానీ కంపెనీ పూత అంత మన్నవు. మంచి టెంపర్ గ్లాస్ వేయించుకోండి, మచ్చ దాని కింద దాదాపు కనబడకుండా పోతుంది. డిస్‌ప్లే మార్చాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

ఇక వేటితో తుడవకూడదనే సంగతి. గోళ్ళ రంగు తీసే ద్రవం అద్దాన్ని ఏం చేయదు గానీ ప్లాస్టిక్ గార్డును, ప్లాస్టిక్ వెనక ప్యానెల్‌ను పాలలా తెల్లగా చేసేస్తుంది. థిన్నర్, పెట్రోల్ కూడా ఇంతే. టూత్‌పేస్ట్ గీతలు పోగొడుతుందని ఎవరు మొదలుపెట్టారో గానీ అందులో ఉండేదే అరగదీసే పొడి. మొదట పోయేది పూత. విభూతి కూడా ఆ కోవలోదే, ఇత్తడి దీపపు కుందెలకు బాగుంటుంది.

చేతులకు రాసుకునే శానిటైజర్ విషయంలో జనానికి ఒక అనుమానం. అందులో ఉన్నది ఆల్కహాలే కదా, ఆరిపోతుంది కదా అని. ఆల్కహాల్ ఆరుతుంది. చర్మం ఎండకుండా అందులో గ్లిజరిన్ కలుపుతారు, అది ఆరదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్ళలోనే 1.45 శాతం గ్లిజరిన్ ఉంది. స్క్రీన్ మీద జిగురు చారలుగా మిగిలేది అదే. ఇది పోయే మరకే గనుక తడిగుడ్డతో మెల్లగా రెండుసార్లు తుడిస్తే చాలు.

మరి మీ షాపులో ఆల్కహాలే వాడతారు కదా అని అడుగుతారు. వాడతాం. ఫోన్ విప్పి, బ్యాటరీ కనెక్షన్ తీసి, బోర్డు మీద బ్రష్‌తో వాడతాం. మూసి ఉన్న ఫోన్ అంచున పోయడం వేరు. ఆల్కహాల్ అసలు తగలకూడదని కూడా కాదు. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉన్న వైప్‌తో గట్టి భాగాలను మెల్లగా తుడవచ్చని, బ్లీచింగ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ మాత్రం వద్దని యాపిల్ వాళ్ళే చెబుతారు. వైప్ అంటే తడిపి పిండినది. బాటిల్ వంచి పోసేది కాదు.

ఇప్పుడు తుడిచే పద్ధతి. ఫోన్ ఆఫ్ చేయండి, ఛార్జర్ తీయండి, కవర్ తీయండి. మొదట దుమ్ము దులపాలి, ఇది చాలామంది మరిచిపోతారు. ఇసుక రేణువు ఫోన్ అద్దం కన్నా గట్టిది. కొండకు నడిచి వెళ్ళొచ్చిన ఫోన్ అయితే కవరు అంచుల్లో కచ్చితంగా ఇసుక ఉంటుంది. దాన్ని వదిలేసి గుడ్డతో రుద్దితే గరుకు కాగితంతో రుద్దినట్టే. తర్వాత కళ్ళద్దాల గుడ్డ ఒక మూలను తడిపి, పిండితే చుక్క రాలనంతగా పిండి, పై నుంచి కిందికి కాకుండా అంచుల నుంచి మధ్యకు తుడవండి. స్పీకర్ జాలీ, ఛార్జింగ్ రంధ్రం దగ్గరకు తడి పోనీయొద్దు. వెంటనే పొడి మూలతో ఇంకోసారి. అంతే. స్ప్రే కొట్టాలనుంటే గుడ్డ మీద కొట్టండి.

నీళ్ళు కూడా చూసుకోవాలి. మా ఇంటి బోరు నీళ్ళతో తుడిస్తే ఆరిన చోటల్లా తెల్ల చుక్కలు. నీళ్ళు కాచే గిన్నె అడుగున పేరుకునే ఉప్పు పొర లాంటిదే ఇది. ఆర్‌ఓ నీళ్ళు మేలు. ఇంకా మేలు ఇన్వర్టర్‌లో పోసే డిస్టిల్డ్ వాటర్, బ్యాటరీ షాపులో చవకగా దొరుకుతుంది. ఆ షాపుల్లో దాని పక్కనే బ్యాటరీ యాసిడ్ డబ్బా కూడా ఉంటుంది. లేబుల్ చదివి తెచ్చుకోండి, ఊరికే "బ్యాటరీది ఒకటి ఇయ్యన్నా" అనకండి.

వాటర్‌ప్రూఫ్ ఫోన్ అని ధైర్యం చేసేవాళ్ళు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఫోన్ డబ్బా మీద ఉండే ఐపీ67 గుర్తుకు అర్థం, మీటరు లోతు మంచినీళ్ళలో 30 నిమిషాలు తట్టుకుంటుందని. ఆ పరీక్ష కొత్త ఫోన్‌కు, మంచినీళ్ళతో చేసింది. సబ్బు నీళ్ళకు, నీలం ద్రవానికి, ఒకసారి విప్పి మూసిన ఫోన్‌కు అది వర్తించదు. లోపల తడి తగిలితే రంగు మారే చిన్న స్టిక్కర్ ఉంటుంది. అది ఎర్రగా మారిందంటే వారంటీ మాట చాలా కంపెనీలు వినవు.

పూజ రోజు సంగతి. బొట్టు పెట్టకండి అని నేను చెప్పను, చెప్పినా మా ఇంట్లోనే వినరు. స్క్రీన్ మీద, కెమెరా దగ్గర, చెవి స్పీకర్ దగ్గర మాత్రం వద్దు. తడి గంధం ఆ జాలీలో గట్టిపడితే అవతలి మనిషి మాట బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది, సూదితో గెలికితే జాలీ చిరుగుతుంది. కవర్ వేసి దాని వెనక పెట్టండి. పసుపు మరక కవర్‌కు అంటితే నీళ్ళకు పోదు, పసుపు రంగు నీళ్ళలో కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. ఫోన్‌కు కాకుండా విప్పిన కవర్‌కు శానిటైజర్ వాడండి, ఇక్కడ అది పనికొస్తుంది. అక్షింతలు చల్లే ముందు ఛార్జింగ్ రంధ్రం కిందికి ఉండేలా తిప్పి పెట్టండి. హారతి పళ్ళెం ఫోన్‌కు మరీ దగ్గరగా తిప్పకండి, వేడికి అంచు గమ్ మెత్తబడుతుంది.

ఇంత చెప్పినా ద్రవం లోపలికి పోయిందనిపిస్తే వెంటనే ఆఫ్ చేయండి. సిమ్ ట్రే తీసి, ఛార్జింగ్ రంధ్రం కిందికి ఉండేలా ఫ్యాన్ గాలి తగిలే చోట నిలబెట్టండి. కనీసం ఒక రోజు ఛార్జర్ పెట్టకండి. హెయిర్ డ్రయర్ వద్దు. బియ్యం డబ్బాలో పెట్టడం అస్సలు వద్దు, బియ్యపు పిండి రంధ్రాల్లో చేరుతుంది. యాపిల్ కూడా తన సహాయ పేజీలో ఇదే మాట రాసింది. ఆరిన తర్వాత ఆన్ అయితే మొదట ఫోటోలు, కాంటాక్టులు ఇంకోచోట దాచుకోండి. అమోలెడ్‌లో మచ్చ పెరుగుతుందని పైన చెప్పాను. రేపటికి టచ్ పనిచేస్తుందో లేదో నేను మాట ఇవ్వలేను.

షాపుకు వెళ్ళినప్పుడు మాట స్పష్టంగా ఉండాలి. "గ్లాస్ ఒక్కటే మారిస్తే పోతుంది" అంటే ఆలోచించండి. పై అద్దం మాత్రమే పగిలి, లోపలి ప్యానెల్ బాగున్నప్పుడు పనికొచ్చే పని అది. మరక ప్యానెల్‌లోనే ఉంటే కాంబో, అంటే అద్దం, ప్యానెల్ కలిపి మొత్తం మార్చాల్సిందే. ఎల్‌సీడీలో షీట్ల మధ్య మరక అయితే కొందరు విప్పి తుడుస్తారు, కుదిరితే కుదురుతుంది, లేదంటే ఉన్నది కూడా పోతుంది. ముందే ఒప్పుకుని ఇవ్వండి. అమోలెడ్ ఫోన్‌లో చవకరకం ఎల్‌సీడీ కాపీ వేస్తే స్క్రీన్ మీద వేలిముద్ర లాక్ పనిచేయదు, ఇది అడగకపోతే చాలామంది చెప్పరు. మా తిరుపతి పక్కన వికృతమాల దగ్గర డిస్‌ప్లే ప్యానెళ్ళ ఫ్యాక్టరీ ఉంది కదా, మనకు తక్కువకు రాదా అని అడుగుతుంటారు. రాదు. నాకూ అందరి రేటే.

సిమ్, మెమరీ కార్డు మీ దగ్గరే ఉంచుకోండి. లాక్ నంబర్ కాగితం మీద రాసి ఇవ్వకండి. శామ్‌సంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ ఉన్న ఫోన్లయితే అది ఆన్ చేసి ఇస్తే మీ ఫోటోలు మాకు కనబడవు. బిల్లులో ఒరిజినలా కాపీనా రాయించుకోండి. తేడా వస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

విజయదశమి రోజు మా సందులో సగం షట్టర్లు దించే ఉంటాయి. ఆ రోజు మరక పడితే ఫోన్ ఆఫ్ చేసి పక్కన పెట్టి, మరుసటి రోజు పది తర్వాత తీసుకురండి. మధ్యలో ఆన్ చేసి చూడొద్దు.