మాంగా బొమ్మకు జుట్టు వేయడం: సుడి నుంచి మొదలుపెట్టండి

కళ్లు, ముక్కు చక్కగా కుదిరిన మాంగా (జపాన్ కామిక్స్) బొమ్మ జుట్టు దగ్గరికి వచ్చేసరికి చెడిందంటే, చాలాసార్లు గుండు వేయకుండా జుట్టు వేశారని అర్థం. ముందు బోడిగుండు పూర్తిగా రావాలి, చెవులతో సహా. నేర్చుకునేటప్పుడు తల చిన్నగా వేయొద్దు. ఏ4 కాగితం మీద నడినెత్తి నుంచి గడ్డం దాకా 8 సెంటీమీటర్లు ఉంటే పాయలకు చోటు సరిపోతుంది. హెచ్‌బీ పెన్సిల్ చాలు. 2బీ అయితే ముదురుగా పడి, చెయ్యి రాసుకున్న చోటల్లా నలుపు అలుముకుంటుంది.

గుండు మీద రెండు గుర్తులు పెట్టుకోండి. మొదటిది నుదుటి మీద జుట్టు మొదలయ్యే గీత. 8 సెంటీమీటర్ల తలకు అది నడినెత్తికి సుమారు 2 సెంటీమీటర్లు కిందగా ఉండి, కణతల మీదుగా చెవుల ముందుకు దిగుతుంది. రెండోది సుడి. అది నడినెత్తికి కాస్త వెనక ఉంటుంది కాబట్టి ఎదురుగా చూసే ముఖంలో కనబడదు. అయినా పైన ఉన్న పాయలన్నీ గుండు అంచు దాటి ఆ వెనక చుక్కకే పోతున్నట్టు వంగాలి. పాపిడి తీసిన తలైతే పాయలు పాపిడి గీత నుంచి రెండు వైపులకూ విడతాయి, ఆ గీత వెళ్లి సుడిలో కలుస్తుంది. ఈ ఒక్కటి తప్పితే తర్వాత ఎంత నగిషీ చెక్కినా విగ్గు పెట్టినట్టే ఉంటుంది.

జుట్టు బయటి గీతను గుండుకు ఆనించకూడదు. ఆనిస్తే నూనె పెట్టి అణిచి దువ్విన తల అవుతుంది. పైన 6 నుంచి 8 మిల్లీమీటర్లు, పక్కల 4 లేక 5 మిల్లీమీటర్లు ఎడం ఇవ్వండి. పొట్టి జుట్టు, గిరజాల జుట్టు అయితే ఇంకొంచెం ఎక్కువే ఇవ్వొచ్చు.

ఇక పాయలు. జుట్టును మూడు భాగాలుగా చూడండి: ముంగురులు, చెంపల పక్క పాయలు, వెనక జుట్టు. ముందున్నవి ముందే వేయాలి, ఎందుకంటే అవి వెనకవాటిని కప్పేస్తాయి. ఒక పాయ అంటే మొదట సన్నంగా బయల్దేరి, మధ్యలో వెడల్పై, కొసన కలిసే రెండు వంపు గీతలు. ఒక గీత ఎక్కువ వంగాలి, రెండోది తక్కువ. రెండూ ఒకేలా వంగితే పాయ కాదు, ఆకు కనిపిస్తుంది.

కొత్తవాళ్ల ముంగురులు ఎక్కువగా చెడేది కొలతల దగ్గరే. అన్ని పాయలూ ఒకే వెడల్పులో, ఒకే పొడవులో, నిటారుగా కిందికి పడతాయి. అలా కాకుండా సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల వెడల్పున్న పెద్ద పాయలు రెండు, అందులో సగం ఉన్నవి రెండు, 2 మిల్లీమీటర్ల సన్న పోగు ఒకటి తీసుకుని వరస కలిపేయండి. పెద్దవి రెండూ పక్కపక్కన పెట్టొద్దు. కనీసం ఒక పాయ పక్కదాని మీదికి ఎక్కాలి. రెండు పాయల మధ్య సందు ఒకచోట నుదుటి పైదాకా పోతే, ఇంకోచోట కనుబొమ దగ్గరే ఆగాలి. ముంగురుల కింద పడిన కనుబొమలను చెరిపేయక్కర్లేదు. ముఖభావం పోకుండా వాటిని జుట్టు మీదుగానే కనబడనివ్వడం మాంగాలో మామూలే.

పొడవు జుట్టైతే భుజం తగిలేదాకా కిందికి జారి, అక్కడ ఒంపు తిరిగి ముందుకో వెనక్కో పోతుంది. భుజాన్ని పట్టించుకోకుండా గీస్తే జుట్టు ఒంట్లోంచి దూసుకుపోయినట్టు ఉంటుంది.

పాయ లోపలి గీతలు పెద్దదానికి రెండో మూడో చాలు. అవి మొదలు నుంచో కొస నుంచో బయల్దేరి మధ్యలో మాయమైపోవాలి. ఈ గీతకు పట్టు 'ఇరి-నుకి'లో ఉంది: తేలిగ్గా మొదలుపెట్టి, నడుమ ఒత్తి, చెయ్యి కదులుతుండగానే కలం లేపేయడం. ఆగి లేపితే కొసన చుక్క పడుతుంది. కలాన్ని అడ్డంగా తిప్పకుండా కాగితాన్నే తిప్పుకోండి, మణికట్టుతో కాక మోచేతితో లాగండి. ఇంకుతో గీసేటప్పుడు జీ-పెన్ (ఇంకులో ముంచి గీసే పాళీ కలం) అయితే ఒత్తిడిని బట్టి గీత లావవుతుంది. కొత్త పాళీ మీద నూనె పూత ఉంటుంది, తుడవకపోతే ఇంకు నిలవదు. ఫైన్‌లైనర్ (సన్న మొన ఇంకు పెన్ను) గీత ఒకే మందంలో వస్తుంది కనుక బయటి గీతకు 0.3 సైజు మొన, లోపలికి 0.1 వాడి, పాయలు కలిసే సందుల్లో 0.5తో కాస్త నలుపు నింపండి. పెన్సిల్ గీతలు చెరపడం ఇంకు బాగా ఆరాకే.

మాంగా ఎక్కువగా నలుపు తెలుపుల్లోనే అచ్చవుతుంది. అందుకే జుట్టు రంగు పాత్రలను వేరుగా పోల్చుకునే గుర్తు కూడా: ఒకరిది నల్లగా నింపి, ఒకరిది ఖాళీగా వదిలి, ఇంకొకరికి స్క్రీన్‌టోన్ (బూడిద రంగులా కనిపించే చుక్కల పొర) వేస్తారు. నల్ల జుట్టులో మెరుపు పట్టీని మొదటే తెల్లగా వదిలేయాలి. అది నడినెత్తికీ నుదుటి గీతకూ నడుమ, గుండు ఒంపును అనుసరించి సాగుతుంది. పై నుంచీ కింది నుంచీ నల్ల మొనలు పట్టీలోకి పొడుచుకు రావాలి. పాయ మారిన ప్రతిసారీ పట్టీ కాస్త ఎత్తు మారాలి. తిన్నగా గీస్తే తలకు రిబ్బను కట్టినట్టే.

జడ వేయాలంటే, చేత్తో అల్లడం వచ్చినవాళ్లకు సగం పని అయిపోయినట్టే. రెండు పక్కల పాయలూ ఎదురెదురుగా పడవు. ఎడమ పాయ నడుమకు దిగుతుండగా, కుడి పాయ దానికి సగం మెట్టు కిందగా మొదలవుతుంది. రెండూ ఒకే ఎత్తులో పెడితే అల్లిక పోతుంది. రబ్బరుబ్యాండు దగ్గర జడను నొక్కి సన్నం చేసి, దాని కింద కుచ్చును మళ్లీ వెడల్పు చేయండి. సన్నం చేయకపోతే బ్యాండు బిగించినట్టు కాక, పైన అంటించినట్టు ఉంటుంది.