గుర్రానికి మేత మార్చేటప్పుడు తొందర వద్దు

తొలకరి పడిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, గుర్రం దాణా ముట్టట్లేదు, ఊరికే పొట్టకేసి తిరిగి చూసుకుంటోంది." నేను ముందు అడిగేది ఒక్కటే: ఈ వారంలో మేత మార్చారా? చాలామంది మార్చే ఉంటారు. ఎండాకాలమంతా ఎండుగడ్డి తిన్నదాన్ని ఒక్కసారిగా లేత పచ్చికలో వదిలేస్తారు. లేదంటే పెళ్ళిళ్ళ సీజన్ కదా, బలం రావాలని శనగలు రెట్టింపు చేస్తారు.

గుర్రం కడుపు దాని ఒంటికి చాలా చిన్నది, 8 నుంచి 15 లీటర్లంతే. పైగా అది వాంతి చేసుకోలేదు. గడ్డిలోని పీచు అరిగేది వెనక ఉన్న పెద్దపేగుల్లో, అక్కడి బ్యాక్టీరియా వల్ల. గింజలు ఎక్కువైతే అరగకుండా మిగిలిన పిండిపదార్థం అక్కడికి చేరుతుంది. దాన్ని తినే బ్యాక్టీరియా గంటల్లోనే పెరిగిపోయి లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తుంది. ఆ పులుపుకు పీచును అరిగించే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. దాంతో కోలిక్, అంటే తీవ్రమైన కడుపునొప్పి వస్తుంది. చచ్చిన బ్యాక్టీరియా నుంచి వెలువడే విషం రక్తంలో కలిస్తే గిట్టల లోపల వాపు కూడా రావచ్చు.

అందుకే మా లాయంలో ఏ మార్పుకైనా 10 నుంచి 14 రోజులు పెట్టుకుంటాం. మొదటి మూడు నాలుగు రోజులు పాతది ముప్పావు, కొత్తది పావు. తర్వాత సగం సగం, ఆ తర్వాత కొత్తది ముప్పావు. గడ్డికీ ఇదే లెక్క. దాణా విషయంలో జాగ్రత్తపడేవాళ్ళు కూడా గడ్డి మోపు మారితే పట్టించుకోరు, నాకు బాధ కలిగించేది అదే. పచ్చికలోకి వదిలేముందు ఎండుగడ్డి పెట్టి, మొదటిరోజు అరగంట చాలు.

350 కిలోల గుర్రానికి రోజుకు కనీసం 5 నుంచి 6 కిలోల ఎండుగడ్డి పడాలి. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు గానీ, దానికి గడ్డే ముఖ్యం. ఉలవలైతే నానబెట్టి ఉడికించి, కొంచెం కొంచెంగా రెండు మూడు పూటలు పెట్టండి. కోళ్ళ దాణా మాత్రం ఎంత చవకగా వచ్చినా వద్దు. అందులో కలిపే మోనెన్సిన్ అనే మందు గుర్రం గుండెను దెబ్బతీసి ప్రాణం తీస్తుంది.

పొద్దున్నే దాణా పెట్టేముందు లద్ది చూడండి. ఉండలు ఉండలుగా పడాలి, చేత్తో విరిస్తే లోపల తడిగా, పీచు పొట్టిగా కనబడాలి. పుల్లటి వాసన వేస్తూ పేడలా జారితే కొత్త మేత పెంచడం ఆపి, ముందటి పాళ్ళకు వెళ్ళండి. గింజలు గింజలుగానే పడుతుంటే పళ్ళు చూపించండి. తర్వాత కుడి డొక్క పైభాగాన చెవి ఆనించండి. నిమిషానికి ఒకటి రెండుసార్లు, ఎక్కడో దూరంగా ఉరిమినట్టు వినిపించాలి. ఏ శబ్దమూ లేకపోతే డాక్టరుకు ఫోన్ చేయండి.

యాంటీబయాటిక్స్ వాడుతున్న రోజుల్లో మేత అసలు మార్చకండి, అప్పటికే పేగుల్లో బ్యాక్టీరియా దెబ్బతిని ఉంటుంది.

గుర్రం కాలితో నేల తవ్వుతూ, పడుకుని పొర్లుతుంటే మేత తీసేసి వెంటనే డాక్టరును పిలవండి. ఆయన వచ్చేదాకా సీసాతో నూనె గాని, కషాయం గాని నోట్లో పోయకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అవసరమైతే డాక్టరే ముక్కులోంచి గొట్టం వేసి పోస్తారు.