పిల్లలకు ఇంగ్లీషు ఏకవచనం, బహువచనం నేర్పడం ఎలా?

తిరుపతిలో ఏ టిఫిన్ హోటల్లో కూర్చున్నా "నాలుగు ఇడ్లీ, రెండు వడ" అన్న కేక వంటగది వైపు వెళ్లడం వినిపిస్తుంది. ఇడ్లీలు, వడలు అని ఎవరూ అనరు. అంకె చెప్పగానే లెక్క తెలిసిపోతుంది కాబట్టి మాట చివరి 'లు' జారిపోతుంది. చిత్తూరు వైపు తమిళం మాట్లాడే ఇళ్లు కూడా చాలా ఉన్నాయి. ఆ భాషలోనూ అంకె పక్కన వస్తువు పేరు తరచుగా ఏకవచనంలోనే ఉంటుంది. ఈ మాటల మధ్య పెరిగిన అయిదేళ్ల పిల్లవాడు "టూ బుక్" అన్నాడంటే బహువచనం తెలియక కాదు, ఇంటి పద్ధతినే ఇంగ్లీషులోకి తీసుకువెళ్తున్నాడు. ఇంగ్లీషు మాత్రం అంకె ఉన్నా లేకపోయినా చివరి 'స్'ను వదులుకోదు. కాబట్టి మనం నేర్పవలసింది బహువచనం అంటే ఏమిటో కాదు, ఆ 'స్'ను వినడం, పలకడం.

మొదట తెలుగుతోనే మొదలుపెట్టండి. చెట్టు అంటే చెట్లు, పండు అంటే పళ్లు, ఇల్లు అంటే ఇళ్లు అని పిల్లల చేతనే చెప్పించండి. ఇవేవీ ఎవరూ నేర్పకుండానే వాళ్లకు వచ్చాయి. 'మన లు చేసే పనే అక్కడ స్ చేస్తుంది' అన్న ఒక్క వాక్యం చాలు. నిర్వచనాలు వల్లె వేయించడం ఈ వయసులో దండగ.

తరువాత వస్తువులతో ఆడించండి. నేలమీద కొన్ని చెంచాలు, పెన్సిళ్లు, గుండీలు పరిచి, "గివ్ మీ ద స్పూన్" అంటే ఒక్కటే ఇవ్వాలని, "గివ్ మీ ద స్పూన్స్" అంటే చేతికి అందినన్ని ఇవ్వాలని ముందుగా చెప్పండి. అంకె మాత్రం పలకకండి. అంకె వినబడితే పిల్లలు దాన్నే పట్టుకుని చివరి శబ్దాన్ని వదిలేస్తారు. నాలుగైదు సార్లు అయ్యాక అడిగే వంతు పిల్లలకు ఇవ్వండి. అన్నీ కావాలనుకుని "స్పూన్" అని ఆగిపోయిన అమ్మాయి చేతిలో ఒక్క చెంచా పెట్టి ఊరుకోండి. ఆ చెంచాను, మిగిలిన కుప్పను మార్చి మార్చి చూసి, ఈసారి చివరి 'స్'ను బుసకొట్టినంత గట్టిగా పలుకుతుంది. నాకు తెలిసినంతలో ఏ వర్క్‌బుక్కూ ఈ పని ఇంత తొందరగా చేయదు.

ఆ పైన చప్పట్ల పాఠం. మాట పలికేటప్పుడు ఎన్ని అచ్చులు వినబడితే అన్ని చప్పట్లు కొట్టాలి. స్పూన్‌కు ఒక చప్పట్, స్పూన్స్‌కు కూడా ఒకటే. బస్‌కు ఒకటి, బసెస్‌కు రెండు. స, ష, చ, జ వంటి శబ్దాలతో ముగిసే మాటలకు బహువచనంలో ఒక చప్పట్ పెరుగుతుంది: బాక్స్–బాక్సెస్, బ్రష్–బ్రషెస్, బెంచ్–బెంచెస్. ఇక్కడ ఒక చిక్కు ఉంది. మనం బస్సు, బెంచీ అని అచ్చు చేర్చి పలుకుతాము కనుక పిల్లలు ఏకవచనానికే రెండు చప్పట్లు కొడతారు. ముందు 'బస్' దగ్గర ఆగడం అలవాటు చేయించండి. డాగ్స్ వంటి మాటల చివర నిజానికి వచ్చేది బిగువు తగ్గిన 'జ్' లాంటి శబ్దం. అయిదేళ్ల వయసులో దానికోసం పిల్లలను వేధించనక్కరలేదు.

స్పెల్లింగు రాయడం వచ్చాకే చెప్పండి. చప్పట్ పెరిగిన మాటకు సాధారణంగా ఈఎస్ చేరుతుంది. బేబీ వంటి మాటల్లో హల్లు తరువాతి వై తీసేసి ఐఈఎస్ రాస్తాము. టమాటోకు మాత్రం చప్పట్ పెరగకపోయినా ఈఎస్ ఉంటుంది.

దారి తప్పే మాటలను శరీరం నుంచే ఎత్తుకోవచ్చు: ఫుట్–ఫీట్, టూత్–టీత్. తరువాత మ్యాన్–మెన్, చైల్డ్–చిల్డ్రన్, మౌస్–మైస్. జూపార్కులో కనబడే డీర్ ఒకటైనా పది అయినా డీరే. పిల్లలు "ఫుట్స్" అంటే కంగారు పడకండి. ఆ మాట వాళ్లు ఎక్కడా విని ఉండరు, నియమం పట్టుబడింది కనుకే సొంతంగా తయారుచేశారు. "అవును, టూ ఫీట్" అని సరైన రూపాన్ని మీరు పలికి ముందుకు సాగండి.

అసలు జాగ్రత్త కావలసింది రెండు భాషల లెక్క కుదరని చోట. మనకు పాలు, నీళ్లు బహువచనాలు: "పాలు పొంగాయి" అంటాము. ఇంగ్లీషులో మిల్క్, వాటర్ లెక్కకు అందనివి, వాటికి ఎస్ చేర్చము. లెక్క కావాలంటే గ్లాసును లెక్కపెట్టి "టూ గ్లాసెస్ ఆఫ్ మిల్క్" అంటాము. కత్తెర, ప్యాంటు దగ్గర ఇది తిరగబడుతుంది. మనకు ఒక్కటే అయినవి అక్కడ సిజర్స్, ప్యాంట్స్ అని ఎప్పుడూ బహువచనమే. కత్తెరను తెరిచి రెండు అలుగులు, ప్యాంటును పట్టుకుని రెండు కాళ్లు చూపిస్తే పిల్లలకు వెంటనే అందుతుంది. "ఒక లేడీస్ వచ్చారు" అని పెద్దలం అనే మాటను కూడా ఇంట్లో కాస్త అదుపులో పెట్టుకోవాలి.

చివరిగా, వచ్చిందో లేదో చూడటానికి లేని మాటలతో పరీక్షించండి. 1958లో జీన్ బెర్కో అనే అమెరికన్ పరిశోధకురాలు ఇదే చేశారు: ఒక వింత జీవి బొమ్మ చూపి దాని పేరు 'వగ్' అని, రెండైతే ఏమంటారని చిన్నపిల్లలను అడిగారు. ఎన్నడూ వినని మాటకు కూడా చాలామంది బహువచనం చెప్పగలిగారు. కానీ గ్లాసెస్ అనడం వచ్చిన పిల్లలే 'టాస్' అనే కల్పిత మాట దగ్గర తడబడ్డారు. మీరూ కాగితం మీద రెండు వింత బొమ్మలు గీసి ఒకదానికి 'బిమ్', ఇంకొకదానికి 'గాచ్' అని పేర్లు పెట్టండి. బిమ్స్ అని చెప్పి గాచ్ దగ్గర ఆగిపోతే, ఇంకో వారం చప్పట్లు కొట్టించండి.