టెక్ వార్తల మీద సరదా వాదన – 5వ పాఠం: ‘రానుంది’ వేరు, ‘వచ్చేసింది’ వేరు

ఈ వారం నవ్వించడం గురించి చెప్పాలనుకున్నాను. కానీ ముందు 4వ పాఠం సంగతి తేల్చాలి. వార్త వినగానే ‘ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు’ అని అడగమన్నాను కదా, అడిగారు. వారం తిరిగేసరికి నాకు వచ్చిన సందేశాల్లో సగం గొడవల గురించే.

ఆదోని నుంచి ఒక తమ్ముడు రాశాడు. పెళ్లి భోజనాల దగ్గర వాళ్ల చిన్నాయన ఏదో కొత్త బ్యాటరీ గురించి చెప్పబోతే, ‘ఎవరు చెప్పినారు?’ అని అడ్డం పడ్డాడట. చిన్నాయన పంక్తిలోంచి లేవలేదు గానీ పాయసం వచ్చేదాకా మళ్లీ నోరు విప్పలేదట. ఎమ్మిగనూరు చెల్లెమ్మ ఒకరు ఆఫీసు గ్రూపులో నలుగురిని వరుసగా అదే ప్రశ్న అడిగింది. మర్నాటి నుంచి ఆ గ్రూపులో గుడ్ మార్నింగ్ బొమ్మలు తప్ప ఇంకేమీ రావడం లేదు. అది చదివాక నాకు నిజంగా బాధేసింది. నలుగురూ నోరు మూసుకున్న చోట వాదన ఎక్కడుంటుంది, నవ్వెక్కడుంటుంది?

ప్రశ్న సరైనదే. నేను చెప్పకుండా వదిలేసింది దాన్ని అడిగే తీరు. మన వైపు ‘ఎవరు చెప్పినారు?’ అని గొంతు పెంచి అడిగామంటే ‘నువ్వు అబద్ధాలకోరువి’ అన్నట్టే. అదే ప్రశ్నను ‘యాడ చూసినావు చిన్నాయనా? నాకూ పంపు, చదువుతా’ అని అడగండి. అడిగేది అదే, వార్త ఎక్కడిదని. కానీ ఇప్పుడు చిన్నాయన ముద్దాయి కాదు, మీకు వార్త ఇచ్చిన మనిషి.

ఇది ఎలా నడుస్తుందో మొన్న ఆదివారం జరిగిన సంగతే చెబుతాను. కర్నూలు కొత్త బస్టాండుకు దగ్గర్లో మేం ఉగ్గాని తినే హోటలు ఒకటుంది. మా మామ ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. బజ్జీ నూనె అంటిన వేళ్లు తువ్వాలుకు తుడుచుకుని, ఫోను చెయ్యంత దూరం పెట్టి, చిటికెన వేలితో పైకి తోస్తూ చదువుతాడు. ఆ రోజు చదువుతూ చదువుతూ తలెత్తాడు.

‘అల్లుడూ, ఇంక చార్జర్లు పారేయొచ్చు. యాభై ఏండ్లు చార్జింగే అక్కర్లేని బ్యాటరీ వచ్చేసింది.’

‘యాడ చూసినావు మామా? నాకూ పంపు.’

పంపాడు. టీ వచ్చేలోపు చదివాను. చైనాలో బీటావోల్ట్ అనే కంపెనీ 2024 జనవరిలో ప్రకటించిన అణు బ్యాటరీ అది. లోపల నికెల్-63 అనే రేడియోధార్మిక లోహం ఉంటుంది. బ్యాటరీ 15 మిల్లీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం. ఇచ్చే శక్తి 100 మైక్రోవాట్లు; పదిలక్షల మైక్రోవాట్లు కలిస్తే ఒక వాటు. యాభై ఏళ్లు పనిచేస్తుందన్నది కంపెనీ మాట.

‘నిజమే మామా, అట్లాంటిది చేసినామని చెప్పినారు,’ అన్నాను ముందుగా. ఈ మొదటి మాటను మర్చిపోకండి. అవతలి మనిషి చెప్పినదాంట్లో నిజమెంతుందో ముందు దాన్ని ఒప్పుకోవాలి. ఆ తర్వాతే లెక్క. ‘కాకపోతే ఒక్కోటి వంద మైక్రోవాట్లే ఇస్తుందంట. ఒక వాటు కావాలంటే పదివేల బ్యాటరీలు కావాలి. వీడియో చూస్తుంటే మన ఫోను వాటుకు పైనే తాగుతుంది.’

నేను అక్కడ ఆగాను. ఆగడమే ఈ వారం మీరు నేర్చుకోవాల్సిన అసలు పని. మామ ముప్పై ఏళ్లు టికెట్ల లెక్క చూసిన మనిషి. ‘పదివేలు అంటే ఎంత జాగా పడుతుంది?’ అన్నాడు. బిల్లు కాగితం వెనక రాశాడు. ఒక్కోటి ఒక ఘన సెంటీమీటరుకు కాస్త ఎక్కువ. పదివేలు కలిపితే పదకొండు లీటర్ల పైచిలుకు.

‘అంటే ఫోను జేబులో, బ్యాటరీ బకెట్లోనా!’ అన్నాడు.

పక్క బెంచీ వాళ్లు కూడా నవ్వారు. వార్త తెచ్చిందీ మామే, జోకు వేసిందీ మామే. అందుకే మర్నాడు పొద్దున్నే నాకు ఇంకో రెండు వార్తలు పంపాడు. అదే జోకు నేను వేసి ఉంటే, బాగానే నవ్వేవాళ్లు గానీ, నవ్వు మామ మీద పడేది. వార్త తెచ్చిన మనిషి రేపు ఇంకో వార్త తేవాలి. వాదన బాగా జరిగిందో లేదో నేను దాన్నిబట్టే చూస్తాను.

ఇంకో సంగతి గమనించారా? బకెట్ అనేది అతిశయం కాదు, లెక్క. ఎద్దులబండి నిండా బ్యాటరీలు పడతాయని ఎవరైనా అనొచ్చు. అది ఒక్క క్షణం నవ్విస్తుంది, ఆ వెంటనే ఎవరో ‘అంత ఉండదులే’ అంటారు, వాదన దారి తప్పుతుంది. లెక్క కట్టి వచ్చిన బకెట్టును ఎవరూ కదపలేరు. వీలైనంతవరకు అసలు అంకెతోనే నవ్వించండి. అలాగని ఆ బ్యాటరీ పనికిరానిదని తేల్చేయొద్దు. చాలా కొద్ది శక్తితో ఏళ్ల తరబడి నడవాల్సిన చిన్న పరికరాలకు ఇలాంటివి అక్కరకొస్తాయి. 1970లలో కొందరి గుండెకు అమర్చిన పేస్‌మేకర్లలో అణు బ్యాటరీలే ఉండేవి. మామకు ఇది చెబితే బకెట్ కంటే దీన్నే ఎక్కువమందికి చెప్పాడు.

వార్త తేదీ చూడటం, పేరడీ పేజీని గుర్తుపట్టడం మీకు వచ్చు. వాటిని వదిలేస్తున్నాను. ఏ కంపెనీ ఫోను మంచిదనే వాదన ఈ పాఠాల్లో ఎప్పటికీ రాదు. దాంట్లో ఎవరూ ఎవరి మాటా వినరు.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే విసిగించే ఉచ్చు దగ్గరికి వద్దాం. మామ ‘వచ్చేసింది’ అన్నాడు. కంపెనీ అన్నది ‘చేశాం, ప్రయోగాత్మకంగా పరీక్షిస్తున్నాం’ అని. ఈ రెంటికీ మధ్య ఎంత దూరముందో చూడండి. తెలుగు క్రియలో కాలం చివరి భాగంలో ఉంటుంది. రావచ్చు, రానుంది, వస్తోంది, వచ్చింది, వచ్చేసింది. ఇవి ఐదు వేర్వేరు వార్తలు. మనం ఒకరి నుంచి ఒకరికి చెప్పుకునేటప్పుడు ప్రతి మనిషీ ఆ చివరను ఒక మెట్టు పైకి ఎక్కిస్తాడు. పేపర్లో ‘రానుంది’ అని ఉంటే, టీకొట్టు దగ్గరికి ‘వస్తోంది’ అయి చేరుతుంది, ఇంటికి వెళ్లేసరికి ‘వచ్చేసింది’ అవుతుంది. శీర్షికలో ‘ఇక’ ఉంటే మరీ ప్రమాదం. ‘ఇక పెట్రోలుతో పనిలేదు’ అన్న వాక్యంలో ఎప్పుడనేదే లేదు. నేనైతే ‘ఇక’ కనిపించగానే పెన్సిలుతో కొట్టేసి మిగిలిన వాక్యం చదువుతాను.

ఉదాహరణకు హైపర్‌లూప్, అంటే గాలి దాదాపు తీసేసిన గొట్టంలో అతివేగంగా నడిచే రైలులాంటిది. 2013 ఆగస్టులో ఎలాన్ మస్క్ ఆ ఆలోచన మీద ఒక పత్రం విడుదల చేశారు. 2017 సెప్టెంబరులో విజయవాడ, అమరావతి మధ్య హైపర్‌లూప్ కోసం హైపర్‌లూప్ ట్రాన్స్‌పోర్టేషన్ టెక్నాలజీస్‌తో మన రాష్ట్ర ఆర్థికాభివృద్ధి మండలి అవగాహన ఒప్పందం కుదుర్చుకుంది. గంటకు పైగా పట్టే ప్రయాణం ఐదారు నిమిషాల్లో అయిపోతుందన్నారు. జరిగింది ఒప్పందం. రైలూ రాలేదు, గొట్టమూ రాలేదు. కానీ ఆ వారం కర్నూల్లోనే ‘అమరావతికి హైపర్‌లూప్ వచ్చేసిందంట’ అన్నవాళ్లను నా చెవులతో విన్నాను. ఇక్కడ ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది. 2023 చివర్లో మూతపడిన హైపర్‌లూప్ వన్ వేరే కంపెనీ. ఆ రెంటినీ కలిపేసి ‘మనతో ఒప్పందం చేసుకున్న కంపెనీ మూసేశారు’ అని వాదించేవాళ్లు ఉన్నారు. ఒప్పందం సంగతిలో మీరు గెలిచి, కంపెనీ పేరు దగ్గర ఓడిపోతారు.

మన ఊరి ఉదాహరణ ఇంకా మంచిది. కర్నూలు దగ్గరి ఓర్వకల్లు విమానాశ్రయానికి 2019 జనవరిలో ఒకసారి ప్రారంభోత్సవం జరిగింది. 2021 మార్చి 25న మరోసారి జరిగింది. ప్రయాణికుల విమానాలు మొదలైంది 2021 మార్చి 28న. ‘ఎయిర్‌పోర్టు ఎప్పుడు వచ్చింది?’ అని అడిగితే ముగ్గురు మూడు తేదీలు చెబుతారు, ముగ్గురి దగ్గరా ఆధారం ఉంటుంది. ఇలాంటి చోట అరవకండి. ‘ఏది మొదలైన తేదీ అడుగుతున్నావన్నా, రిబ్బనా, విమానమా?’ అనండి. ఆ ఒక్క ప్రశ్నతో వాదన అయిపోతుంది, ముగ్గురూ నవ్వుతారు, ఎవరి పార్టీ గొడవా మధ్యలోకి రాదు. ఒప్పందం, శంకుస్థాపన, నమూనా, పరీక్ష, రిబ్బను, అమ్మకం: ఏ వార్తయినా ఈ మెట్లలో ఎక్కడ నిలబడి ఉందో చూడటం అలవాటు చేసుకోండి. 2022 అక్టోబరు 1న ఢిల్లీలో 5జి సేవలు ప్రారంభించిన రోజు ‘వచ్చేసింది’ అన్న ఢిల్లీ మనిషీ, ‘ఏదీ, నా ఫోన్లో 4జియే కదా’ అన్న కర్నూలు మనిషీ ఇద్దరూ నిజమే చెప్పారు.

పెద్దవాళ్ల మాటలకూ ఇదే కొలత. అప్పటి అమెజాన్ అధిపతి జెఫ్ బెజోస్ 2013 డిసెంబరులో, డ్రోన్లతో ఇంటికి సరుకులు చేర్చడం నాలుగైదేళ్లలో సాధ్యం కావచ్చన్నారు. 2017 చివరికి తమ టెస్లా కారు లాస్ ఏంజెలెస్ నుంచి న్యూయార్క్ దాకా తనంతట తాను నడిచి వెళ్తుందని మస్క్ 2016లో అన్నారు. ఆ గడువుకు అది జరగలేదు. ఈ రెండు మాటల్లోనూ క్రియ భవిష్యత్తుదే.

అయితే ఈ పాఠం నేర్చుకున్నాక కొందరు అటు చివరకు పోతారు. ‘ఏదీ రాదు, అంతా ప్రచారం’ అంటారు. ‘రాదు’ కూడా క్రియే, దానికీ ఆధారం కావాలి. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 ల్యాండరు చంద్రుడి మీద కూలినప్పుడు ‘మన వల్ల కాదులే’ అని నవ్వినవాళ్లు మా హోటల్లోనూ ఉన్నారు. 2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 దిగినప్పుడు అదే టీవీ ముందు వాళ్లూ చప్పట్లు కొట్టారు. ఆ రోజు నేను ఎవరినీ పాత మాట గుర్తుచేసి ఎత్తిపొడవలేదు. మీరూ అలా చేయకండి.

నేను పాటించే చిట్కా ఒకటుంది. జేబులో చిన్న డైరీ పెట్టుకుంటాను. వార్త వినగానే దాని క్రియ ఒక్కటే రాసి చుట్టూ సున్నా చుడతాను, పక్కన తేదీ వేస్తాను. ఏడాదికి తీసి చూస్తాను. అంతకంటే పెద్ద ఏర్పాటు అక్కర్లేదు. మాటల మధ్యలో ఫోను తీసి వెతకడం నాకు నచ్చదు, ఎదుటి మనిషి కళ్లు వదిలేసినట్టు ఉంటుంది. మీమ్స్ కూడా వాడను. చాలా మీమ్స్‌లో నవ్వు ఎవరో ఒకరి ముఖం మీద నిలబడి ఉంటుంది.

నవ్వించడానికి ఇంకో దారి చెప్పి ముగిస్తాను. వార్త చెప్పినదాన్ని పూర్తిగా నమ్మినట్టు ఇంకొక్క అడుగు ముందుకు తీసుకెళ్లండి. 2016 నవంబరులో కొత్త 2000 నోటులో చిప్పు ఉందని, 120 మీటర్ల లోతున పాతిపెట్టినా ఉపగ్రహం కనిపెడుతుందని ఊరంతా అన్నారు. ‘అయితే మా అవ్వ బియ్యం డబ్బాలో దాచి మర్చిపోయిన నోటు యాడుందో ఆ ఉపగ్రహాన్నే అడుగుదాం’ అన్నాడు మా హోటలు సప్లయర్. 2023 మేలో ఆ నోట్లు వెనక్కి ఇవ్వమన్నప్పుడు, చిప్పు ఉంటే ఎన్ని యాడున్నాయో తెలిసేవి కదా అని మళ్లీ అతనే అన్నాడు. కొన్ని వార్తలకు ఏ జోకూ అక్కర్లేదు. 2024 జూలై 19న కంప్యూటర్లకు భద్రత సాఫ్ట్‌వేర్ ఇచ్చే క్రౌడ్‌స్ట్రైక్ కంపెనీ అప్‌డేట్‌లో తప్పు వల్ల ప్రపంచమంతా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. హైదరాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఉన్నదున్నట్టు చెప్పండి, బాల్‌పెన్ను దగ్గరికి రాగానే వినేవాళ్లే నవ్వుతారు. ఆ రోజు విమానం తప్పిపోయినవాళ్ల మీద మాత్రం జోకు వద్దు.

అభ్యాసం. ఈసారి కష్టంగానే ఉంటుంది. మీ ఊరి గ్రంథాలయంలో పాత పేపర్లు దొరికితే, కనీసం ఐదేళ్ల కిందటివి తీసి టెక్నాలజీ గురించి ‘-నుంది’తో ముగిసే శీర్షికలు ఇరవై రాసుకోండి. ఒక్కోటీ ఈరోజు ఏ మెట్టు మీద ఉందో కనుక్కోండి. వాటిలో మూడింటికి అసలు అంకెతో కట్టిన జోకు రాయండి. అంకె తప్పితే జోకు కొట్టేస్తాను.

ఆదోని తమ్ముడూ, నీకు ఇదేమీ వద్దు. ఈ ఆదివారం చిన్నాయన ఇంటికి వెళ్లు. ఆ బ్యాటరీ సంగతి మొత్తం చెప్పమని అడుగు, మధ్యలో మాట్లాడకుండా విను. వంద మైక్రోవాట్ల దగ్గర ఆగు. బకెట్ మాట మాత్రం నువ్వు ముందు అనొద్దు.