పాత భయం రాత్రి తిరగబెడితే

ఇంట్లో హింస ఆగిపోయినా ఒంటికి ఆ సంగతి వెంటనే తెలీదు. తలుపు దబ్బున పడితే గుండె అదురుతుంది. పిరికితనం కాదది, ప్రాణం కాచుకోవడానికి ఒళ్లు నేర్చిన అలవాటు. అప్పుడు కళ్లు మూసుకుంటే చాలామందికి జ్ఞాపకం ఇంకా మీద పడుతుంది. కళ్లు తెరిచే, అరికాళ్లు నేలకి ఆనించి, కనబడేవి 5, వినబడేవి 3 పైకి చెప్పాలి: దండెం మీద తువ్వాలు, ఆమదాలవలస వైపు రైలు కూత... ఊపిరి 4 లెక్కపెడుతూ పీల్చి, 6 లెక్కపెడుతూ వదలాలి. నెమ్మదిగా ఉన్న రోజుల్లోనే అలవాటు చేసుకోకపోతే అవసరానికి గుర్తురాదు.

‘తప్పు నాదేనేమో’ అనిపిస్తే ఆ మాట కాగితం మీద పెట్టి, చెల్లెలే అలా అంటే ఏం చెబుతామో కింద రాయాలి. జరిగిందంతా ఒక్క రాత్రే తవ్వొద్దు. పది నిమిషాలు చాలు. ‘సర్దుకుపో’ అనే బంధువులకి చెప్పకపోవడమే మేలు.

నిద్ర కుదరకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ ఉంది, నంబరు 14416. తెలుగులోనే మాట్లాడొచ్చు, ఉచితం. చచ్చిపోవాలనిపిస్తే ఆ క్షణమే ఈ నంబరుకి ఫోన్ చేయాలి. కొట్టడం ఇంకా ఆగలేదా, ఇవన్నీ తర్వాత. ముందు మహిళల హెల్ప్‌లైన్ 181కి లేదా అత్యవసర నంబరు 112కి ఫోన్ చేయాలి.